నోటు, సమన్లు, డిక్రీ, జప్తు – ఈ మాటలకు అర్థమేమిటి?

కోర్టు మాటకు అర్థం తెలియక గొడ్డూగోదా పోగొట్టుకున్న కూలీలను మేము ఊరూరా చూస్తున్నాం. ఆ మాటలు ఆసామికి తెలుసు, ఆయన వకీలుకు తెలుసు. అప్పు తీర్చాల్సిన మనకే తెలియవు. అందుకే నాలుగు మాటలు చెప్పుకుందాం.

నోటు: ప్రామిసరీ నోటును మనవాళ్లు ‘కాగితం’ అంటారు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుపై రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోగా దావా వేయాలి. గడువు దాటితే ‘కాలదోషం పట్టింది’ అంటారు. అందుకే గడువు దగ్గర పడగానే ఆసామి ‘ఓ పది రూపాయలు చెల్లు వేసి సంతకం పెట్టరా’ అంటాడు. ఆ సంతకంతో గడువు మళ్లీ మొదటికొస్తుంది! ఇక ఖాళీ నోటు మీద వేలిముద్ర వేశామా, అంకె రాసుకునే కలం ఆసామి చేతికిచ్చినట్టే.

సమన్లు: ‘తీసుకోకపోతే కేసే లేదు’ అని కొందరు తలుపు వేసుకుంటారు. ఇది పొరపాటు. వద్దంటే గోడకు అంటించి పోతారు. కోర్టు లెక్కలో అది అందినట్టే.

ఎక్స్‌పార్టీ: వాయిదాకు మనం పోకపోతే అవతలివాడి మాట ఒక్కటే విని ఇచ్చే తీర్పు. దాన్ని రద్దు చేయించుకోవాలంటే డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. సమన్లు సరిగా అందనే లేదంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు.

జప్తు: అమీనా వచ్చాడంటే అంతా ఊడ్చుకుపోతాడని భయం. కానీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నింటిని ముట్టుకోవద్దంటోంది. వంట పాత్రలు, కట్టుబట్టలు, పక్కలు, కూలి డబ్బులు, రైతు అయితే బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించినంత మేరకు పనిముట్లు, పశువులు, విత్తనాలు, రైతుగానీ కూలీగానీ కాపురముంటున్న సొంత ఇల్లు. అయితే ఈ రక్షణ ఉందని కోర్టులో మనమే అడగాలి. తనఖా పెట్టిన ఆస్తికి మాత్రం తనఖా డిక్రీలో ఈ రక్షణ లేదు. అందుకే ‘నోటే గదా’ అని తనఖా కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదివించుకొని పెట్టండి.

మరొక్క మాట. ‘కేసు’ అనగానే జైలు గుర్తుకొస్తుంది. ఉత్త బాకీ దావా సివిల్ వ్యవహారం, దాన్ని వసూలు చేయడం పోలీసుల పని కాదు. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని అదే కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది.

వకీలుకు డబ్బులేవీ అంటారా? 1987 న్యాయసేవల చట్టం కింద దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు, ఆదాయం పరిమితి లోపున్న పేదలకు ఉచిత వకీలును ఇవ్వాలి. కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టాలి.

కాగితం వచ్చిన రోజే సంఘం దగ్గరకు పట్టుకు రండి. దాచిపెట్టిన కాగితం ఆసామికే చుట్టం.