ఓడినవాని స్థానము

పాఠశాలలో విద్యార్థినాయకుని ఎన్నిక జరిగినప్పుడెల్ల మేమొక విషయమును గమనించుచుందుము. గెలిచినవానికి చప్పట్లు మ్రోగును. ఓడినవాడు తిరిగివచ్చి తన బల్లపై కూర్చుండును. మరునాడు పాఠము యథావిధిగా సాగును. ఎన్నికకు ప్రాణము ఆ ఓడినవాని శాంతమునందే కలదు. అతని చేతిలో తుపాకియు, వెనుక సైన్యమును ఉన్నచో నేమగును? ఆఫ్రికాఖండమందలి రెండు దేశముల చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది.

అంగోలా, మొజాంబిక్ దేశములు రెండును 1975లో పోర్చుగీసు పాలననుండి విముక్తి చెందెను. రెండింటను దీర్ఘకాలము అంతర్యుద్ధము సాగెను.

అంగోలాలో 1991 మే నెలలో సంధి కుదిరెను. ఉభయపక్షముల సేనలను రద్దుచేసి, ఒకే జాతీయసైన్యమును నెలకొల్పవలెనని నిశ్చయించిరి. ఆ పని పూర్తికాకుండగనే 1992 సెప్టెంబరు 29, 30 తేదీలలో ఎన్నికలు జరిపిరి. ప్రజలు మిక్కిలి ఆశతో వచ్చిరి. నమోదైన ఓటర్లలో నూటికి తొంబదిమందికి పైగా ఓటు వేసిరి. అధ్యక్షపదవికి డస్ శాంటోస్‌కు నూటికి 49.6, సవింబికి 40.1 వంతున ఓట్లు లభించెను. ఎవరికిని సగము దాటనందున రెండవమారు ఓటింగు జరుగవలసియుండెను. అది జరుగనేలేదు. సవింబి ఫలితమును నిరాకరించెను; అతని సేన ఇంకను అతని వెంటనే యుండెను. మరల రగిలిన యుద్ధము, 2002 ఫిబ్రవరిలో అతడు పోరులో మరణించిన పిమ్మటగాని చల్లారలేదు.

మొజాంబిక్‌లో 1992 అక్టోబరు 4న రోమునగరమున సంధి జరిగెను. అంగోలా అనుభవము కన్నులయెదుట నుండుటచే ఇచ్చట తొందరపడలేదు. 1993లో జరుగవలసిన ఎన్నికలను ఒక సంవత్సరము వెనుకకు జరిపిరి. డెబ్బదివేలకు పైగా సైనికులను శిబిరములకు రప్పించి, ఆయుధములు గైకొని, ఇండ్లకు పంపిరి. ఐక్యరాజ్యసమితి పక్షమున అచ్చట పనిచేసినవారిలో మన భారతసైనికులును ఉండిరి. 1994 అక్టోబరులో చిస్సానో గెలిచెను, ధ్లకామా ఓడెను. కాని శాసనసభలోని 250 స్థానములలో ఓడిన పక్షమునకు 112 దక్కెను. తుపాకి దించినవానికి కూర్చుండ బల్ల దొరకెను.

ఆ శాంతియు శాశ్వతము కాలేదు. 2013లో మరల ఘర్షణలు తలయెత్తగా, 2019లో మరియొక ఒడంబడిక అవసరమయ్యెను. శాంతిని నిత్యము కాపాడుకొనవలెను.

ఎన్నిక యుద్ధమును ఆపునది కాదు. ఆగిన యుద్ధమునకు బదులుగా నిలుచునది. సంఖ్యలో తక్కువవారమై పొరుగుభాషవారి నడుమ జీవించు మనకు, ఓడినవానికి గౌరవస్థానము దక్కుట యెంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. విద్యార్థులారా! రాబోవు తరగతి ఎన్నికలో గెలిచినచో, ముందుగా ఓడినవాని బల్లకడకు వెళ్లుడు.