కురుసుర కథ చెప్పేవాళ్లు ఉండగానే...

విశాఖ ఆర్కే బీచ్‌కు వచ్చినవాళ్లు ఫొటో దిగకుండా వెళ్లని చోట్లు రెండున్నాయి. ఒకటి ‘విక్టరీ ఎట్ సీ’ యుద్ధ స్మారకం. రెండోది ఇసుక ఒడ్డున 91 మీటర్ల పొడవున నల్లగా పరుచుకుని ఉండే సబ్‌మెరైన్, ఐఎన్‌ఎస్ కురుసుర. రెండింటి మధ్యా నడిచి వెళ్లే దూరమే. 1971 యుద్ధాన్ని ఈ ఊరు గుర్తుపెట్టుకున్నది ఈ రోడ్డు మీదే.

స్మారకం కట్టింది 1996లో, అంటే యుద్ధం జరిగిన పాతికేళ్లకు. ఏటా డిసెంబర్ 4న నేవీ డే నాడు తూర్పు నౌకాదళం ఇక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతుంది. యాభై ఏళ్ల సందర్భంగా ‘స్వర్ణిమ్ విజయ్ వర్ష్’ పేరుతో 2020 డిసెంబర్ 16న ఢిల్లీలో వెలిగించిన విజయ జ్యోతులు దేశమంతా తిరిగాయి. వాటిలో ఒకటి విశాఖకూ వచ్చింది. బ్యాండు మోగింది, జనం చప్పట్లు కొట్టారు, జ్యోతి ముందుకు సాగిపోయింది. ఉత్సవాల తీరే అంత. వాటి తర్వాత ఊళ్లో మిగిలినదేమిటి, మిగిలినదాన్ని ఎవరు కాపాడుతున్నారు అన్నదే అసలు సంగతి.

ముందు 1971 డిసెంబర్ 3 రాత్రి సంగతి చెప్పుకోవాలి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. వెతుకుతున్నది మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని. తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్. విక్రాంత్‌ని అండమాన్ల వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించాలని ఆయన పన్నాగం పన్నారు. రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపినట్టే రేడియో సందేశాలు పంపించారు. వాటిలో ఒకటి, తల్లి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమని ఓ నావికుడు అడిగిన మామూలు తంతి లాంటిది. రహస్య లిపి లేకుండా వదిలారు, వినేవాళ్లు వినాలనే. ఇటు ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డర్ పెట్టారు. అంత సరుకు కావాలంటే పెద్ద నౌకలు రేవులో ఉన్నట్టే కదా! యుద్ధం బజారు దాకా వచ్చిన తీరు చూడండి.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఒడ్డున ఉన్నవాళ్లకు పెద్ద పేలుడు వినిపించింది. తెల్లవారాక వేటకు వెళ్లిన జాలర్లకు నీటి మీద చమురు తెట్టు, తేలుతున్న సామాన్లు కనిపించాయి. ఆ కబురు నేవీకి చేరవేసింది వాళ్లే. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం అంటుంది. తను పరిచిన మైన్ల వల్లో, లోపల జరిగిన పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. లోపలున్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆ జలాంతర్గామి నేటికీ విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున పడి ఉంది. లోపలున్నవాళ్ల పట్ల గౌరవంతో మన నేవీ దాన్ని కదిలించలేదు. ఈ నిర్ణయం నాకు ఏ విజయ స్తంభం కన్నా గొప్పగా తోస్తుంది.

ఇక 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసి బీచ్‌కి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఘాజీని ముంచింది కురుసురే అనుకుంటారు. కాదు. ఆ యుద్ధ కాలంలో కురుసుర గస్తీ తిరిగింది అటు అరేబియా సముద్రంలో. 1969 డిసెంబర్ 18న అప్పటి సోవియట్ రేవు రీగాలో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దాన్ని నీళ్లలోంచి లాగి ఒడ్డున నిలబెట్టడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది, ఐదున్నర కోట్ల రూపాయల దాకా ఖర్చయింది. 2002 ఆగస్టు 9న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. అప్పటి వుడా, ఇప్పటి వీఎంఆర్‌డీఏ దీన్ని నడుపుతోంది.

మరి ఆ రాత్రి కథకంతటికీ కేంద్రమైన విక్రాంత్ ఏమైంది? 1997లో విరమించాక ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉంచారు. నిర్వహణ భారమై 2012లో మూసేశారు. 2014లో సుప్రీంకోర్టు అడ్డు చెప్పకపోవడంతో తుక్కు కింద ముక్కలు చేశారు. ఆ ఇనుములో కొంత మోటార్ సైకిళ్లలోకి వెళ్లింది. ఘాజీ వెతికిన నౌక ఇప్పుడు లేదు. దాన్ని కాపాడిన రాజ్‌పుత్ కూడా లేదు. వాటి పేర్లు మాత్రం కొత్త నౌకలకు పెట్టారు. అందుకే విశాఖ ఒడ్డున ఒక్క సబ్‌మెరైన్‌ని నిలబెట్టుకోవడం చిన్న పని కాదంటాను. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరంతటినీ కకావికలం చేసిన రోజునా ఇది ఉన్నచోటే నిలిచింది. తుప్పు గీకి రంగు వేస్తూ ఉంటే ఇంకా చాలా కాలం ఉంటుంది.

నాకు దిగులంతా లోపల వినిపించే గొంతుల గురించి. కురుసురలోకి అడుగుపెట్టగానే టార్పెడో గది. పక్కనే మనిషి ఒత్తిగిలడానికి కూడా చోటులేని పడకలు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, చివర్లో నడుము దూర్చాలి. పెద్దవాళ్లు ఆయాసపడతారు, పిల్లలు కేరింతలు కొడతారు. దారి చూపించే గైడ్లు రిటైరైన నావికులు. పిల్లాడు ఏదో చక్రం తిప్పబోతే అది ఏ వాల్వో, తిప్పితే ఏమవుతుందో చెబుతారు. డెబ్బై అయిదు మంది నీళ్లు ఎలా పంచుకునేవాళ్లో, స్నానం లేకుండా ఎన్ని రోజులు గడిపేవాళ్లో చెబుతారు. డీజిల్ వాసన బట్టల్లోంచి ఇంటిదాకా వచ్చేదని చెబుతారు. ఇవేవీ బోర్డు మీద రాసి ఉండేవి కావు.

ఈ తరహా ఫాక్స్‌ట్రాట్ సబ్‌మెరైన్లలో ఆఖరిది, వాగ్లీ, 2010 డిసెంబర్‌లో నౌకాదళం నుంచి విరమించింది. అంటే అలాంటి దానిలో పనిచేసిన అనుభవం కొత్తగా ఎవరికీ రాదు. ఉన్నవాళ్లు ఉన్నంత వరకే. 1971లో పనిచేసినవాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లకే ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ డిసెంబర్ ఉదయం పడవల మీద ఉన్న జాలరి కుటుంబాల్లో పెద్దలదీ అదే వయసు. ఘాజీ కబురు తెచ్చిన వాళ్ల మాట కృష్ణన్ మాటతో సమానంగా చరిత్రలో నిలవాలి.

కురుసుర ముందున్న రోడ్డుకు అటువైపు 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. 29 ఏళ్లు గగనతలంలో గస్తీ కాసిన విమానం అది. దాని మనుషుల అనుభవాలూ ఇలాగే పోగు చేయాల్సినవే.

పెద్ద ఖర్చు కాదిది. సోమవారం కురుసుర మ్యూజియానికి సెలవు. ఆ రోజు లోపల తోపులాట ఉండదు, గోల ఉండదు. ఒక కెమెరా, ఒక మైకు పట్టుకుని, వారానికి ఒక గైడ్‌ని ముందు గది నుంచి చివరి గది దాకా నడిపించి, ఆయన భాషలోనే చెప్పించి రికార్డు చేస్తే సరిపోతుంది. మరో వారం జాలరిపేట పెద్దల దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులు ఇదే ఊళ్లో ఉన్నారు. యుద్ధానికి డెబ్బై అయిదేళ్లు నిండేది 2046లో. అప్పటికి కాదు, ఈ సోమవారం నుంచే మొదలుపెట్టాలి.