మూత వదులైతే వంద డాలర్లా?

మొన్న రాత్రి టెక్సస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. ఆడ సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు కొన్నడు. "మామా, ఇంజిన్ లైటు వెలిగింది. గ్యాస్ క్యాప్ చూసుకో అని వస్తంది. షెడ్డుల ఉత్తగ చూసుడుకే వంద డాలర్లు అడుగుతున్నరు" అని ఒకటే బుగులు.

గ్యాస్ అంటే మన వంట సిలిండర్ గ్యాస్ కాదు తమ్మీ. ఆడ పెట్రోల్‌నే గ్యాస్ అంటరు. గ్యాస్ క్యాప్ అంటే ట్యాంకు మూత.

పెట్రోల్ ఆవిరి గాలిల కలిస్తె కాలుష్యం. అందుకే ఆ ఆవిరిని బొగ్గు డబ్బాల పట్టి, ఇంజిన్‌ల కాలుస్తరు. యాడనన్న లీకైతుందా అని బండిల ఉన్న కంప్యూటరే చూసుకుంటది. మూత వదులైనా దాని లెక్కల లీకే.

వానికి గిట్ల చెప్పిన: ఇంజిన్ బంద్ చెయ్యి. మూత తీసి రబ్బరు తుడువు, పగిలిందేమో చూడు. టిక్కుమనే దాక బిగించు. లైటు వెంటనే ఆరదు, కొన్ని రోజులు నడపాలె. ఆరకపోతే అదే మోడల్‌కు సరిపోయే కొత్త మూత పెట్టు. అప్పటికీ ఆరకుంటెనే షెడ్డుకు పో. ఇంజిన్ లైటు కొట్టుకుంటుంటె మాత్రం అది మూత సంగతి కాదు, బండి పక్కకు ఆపు.

నాలుగో రోజు లైటు ఆరింది. వంద డాలర్లు మిగిలినయ్.

మన దిక్కు మూత పోతే ట్యాంకుకు ప్లాస్టిక్ కవర్ కట్టి తిరుగుతం. దుమ్ము, వాననీళ్లు లోపలికి పోతయ్, ఆవిరి బయటికొస్తది. అగ్గిరవ్వ తగిలితే ఏమైతదో చెప్పాల్నా? ఇయ్యాల్నే మీ బండి మూత ఒకసారి చూసుకోండ్రి.