సర్వరు చిట్టాల కేంద్రీకరణము

ఒక సంస్థ నెట్‌వర్కునందు సర్వరులు పెక్కులుండును. ఒకటి ఉత్తరములను చేరవేయును. ఒకటి లెక్కలను భద్రపరచును. వేరొకటి సిబ్బంది ప్రవేశమును పరీక్షించును. ప్రతి సర్వరును తాను చేసిన పనిని, తనకు కలిగిన ఆటంకమును వేళతోసహా పంక్తులుగా వ్రాసికొనుచుండును. దీనినే లాగ్ అందురు. తెలుగు వర్తకుల చిట్టా వంటిదే యిది. చిట్టాలోని పద్దులు ఆవర్జాకెక్కిననే వ్యాపారస్థితి తెలియునట్లు, సర్వరుల లాగ్‌లు ఒకచోట కూడిననే నెట్‌వర్కు స్థితి తెలియును.

ఇట్లు కూర్చుటకు సౌకర్యముకంటె ముఖ్యమైన కారణము సాక్ష్యరక్షణము. అక్రమముగా సర్వరులో జొరబడి సర్వాధికారమును చేజిక్కించుకొన్నవాడు తన జాడలు తెలుపు పంక్తులను చెరిపివేయగలడు. లాగ్ అచటనే యున్నచో సాక్ష్యము దొంగచేతికే చిక్కును. పంక్తి వ్రాయబడిన వెంటనే దాని ప్రతి కేంద్ర సర్వరునకు చేరినచో, ఇచట చెరిపినను అచట నిలుచును.

ఈ పనికి వాడుకలోనున్న ప్రసిద్ధపద్ధతి సిస్‌లాగ్. 1980 దశకమున ఎరిక్ ఆల్మన్ దీనిని సెండ్‌మెయిల్ కొరకు రూపొందించెను. ఇందు ప్రతి వార్తకును 0 మొదలు 7 వరకు తీవ్రతాసంఖ్య యుండును. 0 అత్యంత ప్రమాదమును, 7 లోపశోధనకు పనికివచ్చు సూక్ష్మవివరమును తెలుపును. 2001లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3164 అను పత్రము పాతపద్ధతిని వర్ణించినది. అందలి కాలసూచనలో సంవత్సరము లేదు. ఏ ప్రాంతపు కాలమో తెలియదు. 2009 నాటి ఆర్.ఎఫ్.సి. 5424 ఈ కొరతను తీర్చినది. యూడీపీ మార్గమున పంపిన పంక్తి దారిలో నశించినను పంపిన సర్వరునకు తెలియదు. కావున ముఖ్యమైన లాగ్‌లను టీసీపీ మార్గమున, టీఎల్ఎస్ గుప్తరక్షణతో పంపుట మేలు.

గడియారములు ఏకీభవింపనిచో ఈ శ్రమ చాలవరకు వ్యర్థమగును. ఒక సర్వరు అయిదు నిమిషములు వెనుకబడినచో ముందు జరిగినది వెనుకగా, వెనుక జరిగినది ముందుగా కనబడును. అందుచే సర్వరులన్నియు ఎన్.టి.పి. పద్ధతిచే ఒకే కాలమును అనుసరింపవలెను. భారత ప్రభుత్వపు సైబర్ భద్రతాసంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కాలసమన్వయమును విధించుటయే గాక, లాగ్‌లను 180 దినములు భద్రపరుపవలెనని సంస్థలను ఆదేశించెను.

తుదకు కేంద్ర సర్వరు రక్షణమే ప్రధానము. ఇతర సర్వరులను నడుపువారికి ఇందలి పంక్తులను చెరుపు అధికార ముండరాదు. నిల్వచేయుటతోనే పని తీరదు. నడిరేయి పదేపదే విఫలమైన ప్రవేశయత్నముల వంటి వింతలను కనిపెట్టి తెలియజేయు ఏర్పాటును, వానిని విచారించు బాధ్యుడును ఉండవలెను. అట్లు లేనిచో ప్రమాదవార్త లాగ్‌లో నున్నను నష్టము జరిగిన పిమ్మటనే సంస్థకు తెలియును.