పశువుకు మత్తు – ప్రాణవాయువు



దేవసూగూరు దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. ఏటికి ఏ దరినైనా సరే, గేదెకు కడుపు కోసి దూడను తీయాలంటే రైతు మొదట అడిగేది ఒకటే: "డాక్టరు గారూ, మత్తు సరిగా పడుతుందా?" దానికంటే ముందు అడగవలసింది, "ఊపిరి సరిగా అందుతోందా?" అని.

మన రాయచూరు హైదరాబాదు సంస్థానంలో ఉన్న రోజుల్లోనే ఈ ప్రశ్న మీద పెద్ద పరిశోధన జరిగింది. 1888, 1889 సంవత్సరాల్లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం సహాయంతో, వందలాది జంతువులకు క్లోరోఫారం ఇచ్చి పరీక్షించారు. గుండె కంటే ముందు ఊపిరి ఆగుతుంది, కాబట్టి ఊపిరినే కనిపెట్టి ఉండండి అన్నారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లీవీ పిల్లులపై నిరూపించారు. అయినా ఊపిరిని గమనించాలన్న సలహా నేటికీ మంచిదే.

మరి ప్రాణవాయువు తగ్గితే మత్తుమందు ఎంత కావాలి? 1970లో అమెరికాలో కల్లెన్, ఈగర్ అనే వైద్యులు కుక్కలపై హాలోథేన్ మందుతో దీన్ని కొలిచారు. రక్తనాళాల్లో ప్రాణవాయువు పీడనం మామూలుగా 95 మిల్లీమీటర్ల పైచిలుకు. అది 38 దాకా పడిపోయినా మందు అవసరం మారలేదు. ఆ హద్దు దాటాక మాత్రం చకచకా తగ్గింది. 30 దగ్గర సుమారు సగం మందే సరిపోయింది.

మందు ఆదా అయిందని సంతోషించకండి. మెదడుకు గాలి చాలక దాని పని మందగించింది, అంతే. అటువంటి పశువు కదలకుండా పడుకుంటే అది నిద్ర కాదు, అపాయం. దానికి మామూలు మోతాదు ఇస్తే అదే ఎక్కువ మోతాదు అవుతుంది.

మన ఊరి గాలిలో ప్రాణవాయువుకు లోటు లేదు. లోటు పశువు ఒంట్లో వస్తుంది. నెమరువేసే పశువును పడుకోబెడితే మేతతో నిండిన పెద్దపొట్ట ఊపిరితిత్తులను నొక్కుతుంది. కడుపుబ్బరం ఉంటే మరీ కష్టం. న్యుమోనియా ఉన్నా, పురుగుల వల్ల రక్తం తగ్గినా ప్రాణవాయువు చాలదు.

అందుకే ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ అయితే డాక్టరు చెప్పినంతసేపు మేత ఆపండి. దగ్గు, ఆయాసం, కనురెప్పల లోపల తెల్లదనం ఉంటే దాచకుండా చెప్పండి. వీలైన చోట పశువును నిలబెట్టి, కోసే చోటికే మందు ఇస్తారు; అది మేలు. పడుకోబెట్టవలసి వస్తే చొంగ బయటికి కారేలా మూతి పల్లంగా ఉంచండి. ఒకరు డొక్కల కదలిక మీదనే కన్నువేసి ఉండండి. చిగుళ్లు నీలిరంగుకు తిరిగితే వెంటనే చెప్పండి.

మత్తు ఇచ్చేది డాక్టరు. ఊపిరి కాపలా మనది కూడా.