మీకు తెలుసా? బల్ల మీద గుట్టలు, గుట్టల నడుమ రైలు

నిజమైన రైలును కొలత ప్రకారం కుదించి, చుట్టూ ఊరు, వాగు, గుట్ట కట్టి నడిపించే సరదాకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. వెనక ఆల్ప్స్ పర్వతాలే ఉండాలని ఎక్కడా లేదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ గుట్టలనే ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న ప్లైవుడ్ మీదికి తేవాలంటే ఈ సంగతులు పనికొస్తాయి.

కిలోమీటరంటే ఆరు మీటర్లే
చిన్న చోటుకు సరిపోయేది ఎన్ స్కేలు. అందులో ప్రతిదీ అసలులో 160వ వంతు. కిలోమీటరు 6.25 మీటర్లవుతుంది. ఉదాహరణకు, పెద్దపల్లి–నిజామాబాద్ లైను 177 కిలోమీటర్లు. 1993లో అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు శంకుస్థాపన చేస్తే 2017లో గానీ పూర్తి కాలేదు. దాన్ని ఎన్ స్కేలులో మొత్తం వేయాలన్నా 1,100 మీటర్ల పట్టాలు కావాలి! అందుకే ఒక స్టేషను, ఒక వంతెన, ఒక గుట్ట ఎంచుకుని మిగతాది వదిలేస్తారు.

మన పట్టాలు కాస్త వెడల్పు
ఎన్ స్కేలులో పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. 160తో హెచ్చవేస్తే 1,440 వస్తుంది. అది యూరప్, అమెరికాల్లో ఎక్కువగా ఉండే గేజ్‌కు దాదాపు సమానం. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం పదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఆ మిల్లీమీటరున్నర తేడాను పట్టించుకోని వాళ్లే ఎక్కువ.

వంపును గుట్ట దాస్తుంది
మన బ్రాడ్‌గేజ్‌లో రైల్వే ఒప్పుకునే అతి బిగువైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. ఎన్ స్కేలులో అది 1.09 మీటర్లు. ఆ వంపు పూర్తిగా తిరగాలంటే బల్ల వెడల్పు రెండు మీటర్లు దాటాలి. బజారులో దొరికే పట్టాల వంపు వ్యాసార్ధమేమో సుమారు 25 సెంటీమీటర్లే! నాలుగు రెట్లకు పైగా బిగువు. బల్ల మూలల్లో గుట్ట కట్టేది అందానికి మాత్రమే అనుకునేరు, ఈ అసహజమైన వంపు కంటపడకుండా చేసేదీ అదే.

ఎక్కడం తేలిక కాదు
ముంబయి–పుణె దారిలోని భోర్ ఘాట్‌లో వాలు 37కు 1. అంటే 37 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. అక్కడ రైలును వెనక నుంచి నెట్టడానికి అదనపు ఇంజన్లు పెడతారు. బల్ల మీద 40కి 1 వాలు పెట్టి ఒక లైను మీదుగా ఇంకో లైనును దాటించాలంటే ఎన్ స్కేలులో 5 సెంటీమీటర్లు ఎక్కాలి. దానికి 2 మీటర్లు, దిగడానికి మరో 2 మీటర్లు. మన ప్లైవుడ్ మీద ఒక చుట్టు మొత్తం సుమారు 4 మీటర్లే మరి!

రైలు సాపుగా, నేల ఎగుడుదిగుడుగా
రైలును ఇలా ఎక్కించే ఇబ్బంది తప్పించడానికి తేలికైన ఉపాయముంది. పట్టాలను ఒకే మట్టాన ఉంచి, నేలనే పైకీ కిందికీ చేయాలి. ప్లైవుడ్‌ను పట్టాల కింద మట్టుకే ఉంచి మిగతా చోట కోసి కిందికి దించితే వాగు వస్తుంది, వంతెన వస్తుంది, వెనక గుట్ట మరింత ఎత్తుగా అనిపిస్తుంది. కాజీపేట–బల్లార్షా లైనులో రామగుండం, మంచిర్యాల మధ్య గోదావరి వంతెన చూడండి. రైలు తన మట్టాన పోతుంది, నది కింద పారుతుంది.

గుండ్రంగా తిరిగే అసలు రైలు
గుండ్రంగా తిరిగే రైలు పిల్లల ఆటలా ఉందంటారా? 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీకి సింగరేణి గనుల బొగ్గు అలాంటి చుట్టు లైను మీదే వస్తుంది. వ్యాగన్లను విడదీయరు, ఇంజన్ను తిప్పి తగిలించరు. రైలు మెల్లగా పోతుండగానే అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కింది గుంటలో పడుతుంది. మీ బల్ల మీద ఒక గని, ఒక చిమ్నీ పెట్టండి. గుండ్రటి లైనుకు తిరుగులేని కారణం దొరికినట్టే.

రెండు జిల్లాలు, రెండు తీర్ల గుట్టలు
కరీంనగర్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎలగందుల కోట చుట్టూ చూస్తే బండలు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టుంటాయి. కింద ఎర్ర చెల్కలు. ఆదిలాబాద్ ఉత్తర, పశ్చిమ భాగాల్లోని గుట్టలు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పొరలు. తల చదునుగా, పక్కలు మెట్లు మెట్లుగా ఉంటాయి. కింద పత్తి పండే నల్లరేగడి. థర్మకోల్ పలకలను ఒకదానిపై ఒకటి అంటించి అంచులు మెట్లుగా వదిలేస్తే ఆదిలాబాద్, అంచులన్నీ గుండ్రంగా చెక్కితే కరీంనగర్! రెంటినీ ఒకే గుట్టలో కలపకండి.

ఇసుకకు అయస్కాంత పరీక్ష
పట్టాల కింద పరిచే కంకరకు జల్లించిన ఇసుక వాడేవాళ్లు ముందు అందులో అయస్కాంతం తిప్పాలి. వాగు ఇసుకలో నల్లటి ఇనుప రేణువులుంటాయి. ఇంజన్ మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటే మోటారు పాడవుతుంది. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి తిప్పండి. సంచి తీస్తే రేణువులు వాటంతటవే రాలిపోతాయి.

నిర్మల్ నకాషీల జిగురు
నిర్మల్ బొమ్మలను నకాషీ కళాకారులు తేలికైన, మెత్తని పొనికి కర్రతో చేస్తారు. అతుకులకు, ఒంపులకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మెత్తుతారు. తడిగా ఉన్నప్పుడు వేలితో ఎలా నొక్కితే అలా నిలిచి, ఆరాక గట్టిపడే ఆ ముద్ద గుట్ట పైపూతకు భేషుగ్గా సరిపోతుంది. పూత పల్చగా రెండు మూడు సార్లు వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే పగుళ్లిస్తుంది.

అడవికి ఒక రుతువు
గుట్టంతా ముదురాకుపచ్చ పూస్తే అది ఆదిలాబాద్ అడవిలా ఉండదు. టేకు ఎండాకాలానికి ఆకు రాలుస్తుంది. హోలీ వేళకు మోదుగులు కాషాయ రంగులో విరగపూస్తాయి. చెట్టు చేయడానికి సన్నని రాగి తీగలు పదిహేను ఇరవై కలిపి కింద మెలిపెడితే మాను, పైన విప్పితే కొమ్మలు. జిగురు రాసి రంగు వేసిన రంపపు పొట్టు చల్లాలి. 15 మీటర్ల టేకు ఎన్ స్కేలులో సుమారు 9 సెంటీమీటర్లు. వెనక వరుస చెట్లను ఇంకా చిన్నవిగా, దూరపు గుట్టలను వెలిసిన నీలి బూడిద రంగులో వేస్తే లోతు కనిపిస్తుంది.

అరచేతి పొడవు దాటిన కుంటాల
నేరడిగొండ దగ్గర కడెం నది మీది కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. ఎన్ స్కేలులో 28 సెంటీమీటర్లు. సిలికాన్ సీలెంట్‌ను ప్లాస్టిక్ షీటు మీద నిలువు గీతలుగా పూసి, ఆరాక ఒలిచి బండకు అంటిస్తే నీటి ధార సిద్ధం. అంచులకు కాస్త తెల్ల రంగు తాకిస్తే నురగ.

సొరంగానికి వెనక తలుపు
అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనులో 50కి పైగా సొరంగాలున్నాయి. బల్ల మీద ఒకటి చాలు. అయితే 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ రకం బోగీ ఎన్ స్కేలులో 14.7 సెంటీమీటర్లు. వంపులో దాని మధ్య భాగం లోపలికి, కొసలు బయటికి జరుగుతాయి. గోడ కట్టకముందే అన్నిటికన్నా పొడవైన బోగీని తిప్పి చూడాలి. గుట్ట వెనక చెయ్యి పట్టేంత ఖాళీ వదలాలి. రైలు పట్టా తప్పేది ఎప్పుడూ సొరంగంలోనే!

చూసి రావాలంటే
పుణెలోని కోత్రూడ్‌లో 1998లో తెరిచిన జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరున్న మినియేచర్ వండర్‌లాండ్ జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో మొదలైంది.

చివరిగా ఒక మాట
ముందు కాగితం మీద అసలు కొలతతో పట్టాలు గీయండి. రైలు తిరిగాకే గుట్ట మొదలుపెట్టండి. ఆర్మూరు నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు రైలు కావాలని జనం ఏళ్లుగా అడుగుతున్నారు. నిర్మల్ పట్టణానికి నేటికీ రైలు లేదు. మీ బల్ల మీదైనా ఆ స్టేషను పేరే పెట్టండి.