లిఫ్టు కాదు, మెట్ల దారి గుర్తుందా?

కువైట్‌లో భూకంపాలు రావన్న ధీమా మనలో చాలామందికి ఉండేది. 2022 జూన్ 4 తెల్లవారుజామున 4.28 గంటలకు అహ్మదికి నైరుతి దిక్కున భూమి కంపించింది. కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ దాని తీవ్రతను 5గా లెక్కగట్టింది. అదృష్టవశాత్తు నష్టమేమీ జరగలేదు. కానీ ఆ కాసేపట్లోనే మన తయారీ ఎంతో తేలిపోయింది. మా భవనంలో కొందరు లిఫ్టు ముందు గుమిగూడారు. కొందరు మెట్లు దిగి వచ్చినా, అదే భవనం గోడ పక్కన, ఏసీ యూనిట్ల కిందే నిలబడ్డారు. తర్వాత ఎటు నడవాలో ఎవరికీ తెలియలేదు.

అహ్మది పట్టణం కువైట్ ఆయిల్ కంపెనీ కట్టించిన ఊరు. పాత ఇళ్ళు ఎత్తు తక్కువ. చుట్టూ చెట్లు, తోటలు, ఖాళీ జాగా ఉంటాయి. గవర్నరేట్ పేరు అహ్మదే అయినా మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండేది మంగఫ్, మహబూలా, అబూ హలీఫా, ఫహాహీల్‌లలో. ఇక్కడ అపార్టుమెంట్లు ఒకదానికొకటి ఆనుకొని లేస్తాయి. ఫుట్‌పాత్ మీద కార్లు ఆగి ఉంటాయి. ఆపద వేళ వందల కుటుంబాలు ఒకేసారి కార్లు తీస్తే సందు చివర దాకా కూడా పోలేం. కాబట్టి మన దారి కాలినడక దారే. దాన్ని ముందుగా చూసుకోవాలి.

అన్నిటికీ పరుగు మందు కాదు

మొదట తెలుసుకోవలసింది ఇదే: కొన్ని ఆపదల్లో బయటికి రావాలి, కొన్నిటిలో లోపలే ఉండాలి.

భూమి కంపిస్తున్నంతసేపు మెట్ల వైపు పరుగెత్తకూడదు. గట్టి బల్ల కింద దూరి, తల కాపాడుకోవాలి. కంపనం ఆగాక మెట్ల మీదుగా దిగి, అద్దాలు, ఏసీలు, గోడలు మీద పడని దూరానికి నడవాలి.

వాన వరద వస్తే దీనికి పూర్తిగా భిన్నం. 2018 నవంబరు వానలు గుర్తుండే ఉంటాయి. రోడ్లు చెరువులయ్యాయి, కార్లు మునిగాయి, సబాహ్ అల్ అహ్మద్ నివాస నగరంలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. విమానాశ్రయం మూతపడింది. ప్రజా పనుల మంత్రి రాజీనామా చేశారు. అలాంటప్పుడు పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళు కిందికి దిగకపోవడమే క్షేమం. బేస్‌మెంట్‌లోని కారు కోసం వెళ్ళడం మరీ ప్రమాదం. వేగంగా పారే నీరు జానెడు కంటే తక్కువ ఉన్నా మనిషిని పడగొడుతుంది. అడుగు లోతుంటే చిన్న కారును తేలుస్తుంది. నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. అండర్‌పాస్ వైపు అసలే పోకూడదు.

దుమ్ము తుఫాను వచ్చినా, మనకు దగ్గర్లోని రిఫైనరీల వైపు నుంచి పొగ వచ్చినా తలుపులు, కిటికీలు మూసి, ఏసీలోకి బయటి గాలి రాకుండా చూసుకొని, అధికారులు చెప్పేదాకా లోపలే ఉండాలి. 2021 అక్టోబరులో మినా అల్ అహ్మది రిఫైనరీలో మంటలు లేచినప్పుడు ఏం జరిగిందో చూద్దామని రోడ్డెక్కినవాళ్ళను చూశాను. అది మానాలి.

మంగఫ్ మరిచిపోరానిది

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో మంటలు లేచాయి. అది ప్రకృతి విపత్తు కాదు. కానీ ఏ ఆపదలోనైనా మనం దిగవలసింది అవే మెట్లు కాబట్టి ఆ ఘటన చెప్పుకోక తప్పదు. దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. కింది అంతస్తులో మొదలైన మంట పొగ మెట్ల గుండా పైకి కమ్ముకుంది. ఎక్కువమందిని బలిగొన్నది ఆ పొగే. డాబా మీదికి పోదామనుకున్నవాళ్ళకు తలుపు తాళం వేసి ఉంది.

మన భవనాల్లో మెట్ల మీద ఏముంది? పిల్లల సైకిళ్ళు, పాత సోఫాలు, బియ్యం మూటలు, అట్టపెట్టెలు. డాబా తాళం ఎవరి దగ్గర ఉంది? హారిస్ దగ్గరా, యజమాని దగ్గరా? హారిస్‌ను అడిగి తెలుసుకోవడం గొడవ పెట్టుకోవడం కాదు. నలుగురు ఇరుగుపొరుగు కలిసి అడిగితే ఆయనకూ యజమానికి చెప్పడం సులువవుతుంది.

ఈ శుక్రవారం పది నిమిషాలు

సెలవు రోజున పిల్లలను, పెద్దలను తీసుకొని మీ తలుపు నుంచి మెట్ల మీదుగా కిందికి దిగండి. అక్కడి నుంచి భవనాలు మీద పడని ఖాళీ జాగా దాకా నడవండి. మసీదు ముందున్న మైదానమో, జమియా పార్కింగో ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. ఎవరు ఎక్కడున్నా చేరవలసింది అక్కడికే. ఆ దారి మూసుకుపోతే రెండోది ఏదో కూడా చూసుకోండి. వేసవిలో యాభై డిగ్రీల ఎండలో నిలబడటమూ ప్రమాదమే కాబట్టి నీడ ఉందో లేదో చూడండి. నీళ్ళ సీసాలు, చెప్పులు, టార్చి, సివిల్ ఐడీలు, పాస్‌పోర్టులు, బీపీ షుగర్ మాత్రలు ఒక సంచిలో తలుపు దగ్గరే ఉంచండి. పగిలిన అద్దాల మీద వట్టి కాళ్ళతో నడవలేం.

సాయం కోసం 112 కు ఫోన్ చేసినప్పుడు ఏరియా, బ్లాకు, వీధి, భవనం నంబరు చెప్పాలి. భవనం గోడ మీద ఉండే పాసీ నంబరు ఇంకా సులువు. దాన్ని ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. పదేళ్ళ పిల్లలకైతే నోటికి వచ్చేలా చేయండి.

స్థానిక ఫోన్లు కలవకపోతే కుటుంబమంతా ఊళ్ళోని ఒకే మనిషికి కబురు పెట్టాలని ముందే అనుకోండి. ఈ మాట రాజంపేట వాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి మనుషుల జాడ కోసం కువైట్‌లో ఉన్న బంధువులు ఎంత తల్లడిల్లారో ఇక్కడ అందరికీ తెలుసు. ఇక్కడ ఏమైనా అయితే అక్కడి అమ్మానాన్నలదీ అదే గతి. ఒకే నంబరుకు 'బాగున్నాం' అన్న ఒక్క మెసేజ్ వెళితే చాలు.

భవనం వాట్సాప్ గ్రూపులో పండుగ శుభాకాంక్షలతో పాటు చేరవలసిన ఖాళీ జాగా ఫొటో ఒకటి పెట్టండి. మన పక్క ఫ్లాటులో మలయాళీ, ఈజిప్షియన్, ఫిలిప్పీన్ కుటుంబాలు ఉంటాయి. ఒంటరిగా ఉండే వృద్ధులు, నెలలు నిండిన ఆడవాళ్ళు ఎవరెవరో గుర్తుంచుకోండి. వాళ్ళను మెట్లు దింపే పని ఎవరిదో ముందే మాట్లాడుకుంటే ఆ రోజు వెతుకులాట ఉండదు.